అధ్యక్షుడి రోజు, నిమిషాల లెక్కన: అమెరికా ‘డైలీ డైరీ’ని వెతికి, చదివి, సరిచూసుకునే పద్ధతి

1969 జూలై 20, రాత్రి 11:45. వైట్‌హౌస్‌లో టైపు చేసిన ఒక ఫారం మీద ఆ సమయానికి ఒక వరుస ఉంది. చంద్రుడి మీదున్న అపోలో 11 వ్యోమగాములు నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, ఎడ్విన్ ఆల్డ్రిన్‌లతో అధ్యక్షుడు నిక్సన్ 11:50 దాకా ‘గ్రహాంతర సంభాషణ’ జరిపారని దాని సారాంశం. దానికోసం ప్రత్యేకమైన కాగితమేమీ తియ్యలేదు. రోజూ ఎవరు వచ్చారు, ఎవరికి ఫోన్ చేశారు అని రాసుకునే ఫారంలోనే, రోజూ వాడే గడుల్లోనే చంద్రుడికి వెళ్లిన కాల్ కూడా ఎక్కింది.

ఈ ఫారాలనే ప్రెసిడెంట్స్ డైలీ డైరీ అంటారు. అధ్యక్షుడు నిద్ర లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఎక్కడున్నాడు, ఎవరిని కలిశాడు, ఎవరితో ఫోన్లో మాట్లాడాడు అన్నది నిమిషాలతో సహా రాసిన రికార్డు ఇది. కొన్ని దశాబ్దాల డైరీలను స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. అనంతపురంలో కూర్చున్నా, అట్లాంటాలో కూర్చున్నా చదువుకోవచ్చు. మనవాళ్లు వీటిని వాడుకోవడం మాత్రం చాలా తక్కువ. మన దేశానికి, మన రాష్ట్రానికి సంబంధించిన రోజులు కూడా వీటిలో ఉన్నాయి కాబట్టి ఈ పద్ధతిని వివరంగా రాస్తున్నాను.

చివరిదాకా ఒకే ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. 1978 జనవరి 1 నుంచి 3 వరకు అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఢిల్లీలో ఉన్నారు. అప్పుడు మన రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టి, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయి, ఆ తర్వాత రాష్ట్రపతి భవన్‌కి వెళ్లిన మనిషి. వాళ్లిద్దరూ కలిసిన రోజుల్ని అమెరికా రికార్డు నుంచి ఎలా బయటికి తీయాలో చూద్దాం.

మొదటి అడుగు: ఏ కాగితం కావాలో తేల్చుకోండి

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. ఒకేలా వినిపించే పేర్లు నాలుగున్నాయి.

షెడ్యూల్ అంటే ముందురోజు వేసుకున్న ప్లాన్. ఫలానా టైముకి ఫలానా మీటింగ్ అని అందులో ఉంటుంది. ఆ మీటింగ్ జరిగిందని మాత్రం దాన్నిబట్టి చెప్పలేం. డైలీ డైరీ అంటే రోజు గడిచాక, జరిగినదాన్ని కూర్చి టైపు చేసిన రికార్డు. వ్యక్తిగత డైరీ వేరు, అది అధ్యక్షుడు తన మనసులో మాట తనే రాసుకున్నది. రీగన్, కార్టర్ ఇద్దరూ అలాంటివి రాశారు. డైలీ డైరీలో మనసు మాటలకి చోటు లేదు. ఇక నాలుగోది డైలీ బ్రీఫ్. ఇది గూఢచారి సంస్థ అధ్యక్షుడికి రోజూ ఇచ్చే రహస్య నివేదిక. కెనెడీ, జాన్సన్ కాలం బ్రీఫులు 2015లో, నిక్సన్, ఫోర్డ్ కాలంవి 2016లో బయటికి వచ్చాయి. వెతికేటప్పుడు ‘డైలీ’ అనే మాట చూసి వీటిని డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లు ఎంతోమంది.

నేను మొదట్లో షెడ్యూల్ పేజీని డైరీ అనుకుని మూడు రాత్రులు నోట్స్ రాసుకున్నాను. తర్వాత అసలు డైరీ తెరిస్తే అందులో ఒక మీటింగ్ లేనే లేదు, ఇంకొకటి గంట ఆలస్యంగా మొదలైంది. అప్పటి నుంచీ ఏ పేజీ తెరిచినా ముందు దాని నెత్తిన ఏం రాసుందో చదివాకే కిందికి దిగుతున్నాను.

రెండో అడుగు: అధ్యక్షుడిని బట్టి లైబ్రరీ, లైబ్రరీని బట్టి చట్టం

ఈ రికార్డులన్నీ వాషింగ్టన్‌లో ఒక్కచోట ఉండవు. 1929లో పదవిలోకి వచ్చిన హూవర్ నుంచి ఒక్కో అధ్యక్షుడికి ఒక్కో లైబ్రరీ ఉంది, వాటిని నేషనల్ ఆర్కైవ్స్ నడుపుతుంది. రూజ్‌వెల్ట్‌ది న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్క్, ట్రూమన్‌ది మిస్సోరిలోని ఇండిపెండెన్స్, కెనెడీది బోస్టన్, జాన్సన్‌ది టెక్సస్‌లోని ఆస్టిన్, నిక్సన్‌ది కాలిఫోర్నియాలోని యోర్బా లిండా, ఫోర్డ్‌ది మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్, కార్టర్‌ది అట్లాంటా, రీగన్‌ది సిమీ వ్యాలీ. ఆస్టిన్‌లోనూ అట్లాంటాలోనూ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. ఒక శనివారం పిల్లల్ని తీసుకుని మ్యూజియం చూసి రావచ్చు. చదువుకునే గదికి మాత్రం ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోండి.

రికార్డు పేరు కూడా కాలాన్ని బట్టి మారుతుంది. రూజ్‌వెల్ట్‌కి డైలీ డైరీ అన్న ఫారం లేదు. వైట్‌హౌస్ అషర్లు, అంటే ఇంటి వ్యవహారాలు చూసే సిబ్బంది, రాసుకున్న లాగ్, స్టెనోగ్రాఫర్ డైరీ ఉన్నాయి. వాటన్నిటినీ కలిపి ఆ లైబ్రరీవాళ్లు ‘డే బై డే’ పేరుతో రోజువారీగా పెట్టారు. కెనెడీకి ఆయన సెక్రటరీ ఎవెలిన్ లింకన్ చూసిన అపాయింట్‌మెంట్ బుక్స్ ఉన్నాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి హోదాలో 1963 జూన్‌లో వైట్‌హౌస్‌కి వెళ్లినప్పటి రోజుల్ని చూడాలంటే ఈ పుస్తకాలే దిక్కు. జాన్సన్ దగ్గరికొచ్చేసరికి గడులున్న ఫారం కనిపిస్తుంది, ఆయన ఆఫీసు బయట కూర్చున్న సెక్రటరీలే దాన్ని నింపేవారు. నిక్సన్, ఫోర్డ్, కార్టర్ కాలాలకి ఈ పని కోసమే ప్రత్యేక ఉద్యోగులున్నారు. నా లెక్కలో ఈ ముగ్గురి డైరీలే అన్నిటికన్నా చిక్కగా ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వీటితోనే మొదలుపెట్టండి.

చట్టం సంగతి కొంచెం తెలిసుండాలి. ఒకప్పుడు ఈ కాగితాలు అధ్యక్షుడి సొంత ఆస్తి, ఆయన దయతలచి ఇస్తేనే ఆర్కైవ్స్‌కి వచ్చేవి. నిక్సన్ రాజీనామా తర్వాత, ఆయన సంభాషణల టేపులూ కాగితాలూ చేయి దాటిపోకుండా 1974లో అమెరికా కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, ఆయన కోసమే ఒక చట్టం చేసింది. తర్వాత 1978లో ప్రెసిడెన్షియల్ రికార్డ్స్ యాక్ట్ వచ్చింది. 1981 జనవరి 20న, ఆ తర్వాత పదవిలోకి వచ్చినవాళ్ల రికార్డులు, అంటే రీగన్ నుంచి మొదలుకుని అందరివీ, ప్రజల ఆస్తి. పదవి దిగిన ఐదేళ్ల తర్వాత సమాచార స్వేచ్ఛ చట్టం కింద ఎవరైనా అడగవచ్చు. కొన్ని రకాల కాగితాలను పన్నెండేళ్లదాకా ఆపుకునే వీలు అధ్యక్షుడికి ఉంది. అడిగే మనిషి అమెరికా పౌరుడై ఉండాలన్న నియమం లేదు. క్లింటన్ 2000 మార్చి 24న, బుష్ 2006 మార్చి 3న హైదరాబాద్ వచ్చారు కదా, ఆ రోజుల రికార్డు కోసం హైదరాబాద్ నుంచే అర్జీ పెట్టుకోవచ్చు. జవాబు రావడానికి నెలలూ ఏళ్లూ పట్టవచ్చు, ఓపిక పట్టాలి.

మన ఉదాహరణ కార్టర్. ఆయన 1981 జనవరి 20న దిగిపోయారు కాబట్టి కొత్త చట్టం ఆయనకి వర్తించదు. ఆయన డైరీలు మాత్రం అట్లాంటా లైబ్రరీ సైటులో రోజుకొక ఫైలు చొప్పున తెరిచి ఉన్నాయి.

మూడో అడుగు: ఫైలు తెరవడం

లైబ్రరీ సైటుకి వెళ్లి ‘డైలీ డైరీ’ అని ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో వెతకండి. తర్వాత సంవత్సరం, నెల, తేదీ. కార్టర్‌కి తేదీ నొక్కితే ఆ రోజు పేజీలు వస్తాయి. నిక్సన్‌కి సుమారు పక్షం రోజులవి కలిపి ఒక ఫైలుగా ఉంటాయి, జూలై 16 నుంచి 31 వరకు ఒకటి అన్నట్టు. ఫైలు పెద్దది, ఫోన్లో తెరిస్తే విసుగొస్తుంది. జాన్సన్‌కి ‘డిస్కవర్ ఎల్‌బీజే’ అనే ప్రత్యేక సైటు ఉంది.

పేరుతో వెతకడం మీద ఆశ పెట్టుకోకండి. ఇవన్నీ పాత టైపు కాగితాల స్కాన్లు. కంప్యూటర్ ఆ అక్షరాల్ని చాలాచోట్ల తప్పుగా చదువుతుంది. పైగా మన పేర్ల స్పెల్లింగ్ ఒక్కో టైపిస్టు చేతిలో ఒక్కోలా పడుతుంది. సంజీవరెడ్డి పేరులో ‘ఐ’ ఒకటి పెట్టినవాళ్లున్నారు, ‘ఈ’లు రెండు పెట్టినవాళ్లున్నారు, పొడి అక్షరాలతో సరిపెట్టినవాళ్లున్నారు. అందుకని ముందు పత్రికల్లోనో పుస్తకాల్లోనో తేదీ ఖాయం చేసుకుని, ఆ తేదీ పేజీకి నేరుగా వెళ్లండి. తేదీ దొరికితే మనిషి దొరికినట్టే.

నాలుగో అడుగు: ఫారాన్ని గడి గడిగా చదవడం

ఈ అడుగు దగ్గర తొందరపడకండి. ఒక పేజీని ప్రింటు తీసుకుని, పక్కన పెన్సిల్ పెట్టుకుని కూర్చుంటే అరగంటలో పట్టుబడుతుంది.

పేజీ పైన అధ్యక్షుడి పేరు ఉంటుంది. దాని కింద ఒక పక్క ఆ రోజు ఎక్కడ మొదలైందో, ఇంకో పక్క తేదీ, వారం, మొదటి పని మొదలైన సమయం ఉంటాయి. రోజు మొదలైన చోటు అనే ఈ గడిని చాలామంది దాటేసి పోతారు. కానీ ముందురోజు రాత్రి ఆయన ఎక్కడ నిద్రపోయాడో చెప్పేది అదే. విదేశీ ప్రయాణాల్లో దీని విలువ బాగా తెలుస్తుంది.

ఎడమవైపు రెండు నిలువు గడులు, పని మొదలైన సమయం, ముగిసిన సమయం. వాటి పక్కన ఫోన్ గడి. అందులో ‘పి’ అని ఉంటే అధ్యక్షుడే చేసిన కాల్, ‘ఆర్’ అని ఉంటే ఆయనకి వచ్చిన కాల్. ఆ ఒక్క అక్షరం ముఖ్యం, ఎందుకంటే ఎవరు ఎవరికి చేశారన్నదాన్ని బట్టి ఎవరికి అవసరం పడిందో తెలుస్తుంది. జాన్సన్ ఫారంలో ఇంకా వివరం ఉంది. కాల్ లోకలా లాంగ్ డిస్టెన్సా అన్నదానికి వేరే గడులు, చివరన ఖర్చు కోడ్‌కి ఒక గడి.

మిగతా వెడల్పంతా ‘యాక్టివిటీ’. వాక్యాలు పొట్టిగా, ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. కార్టర్ పేజీల్లో ఎక్కువ రోజులు తెల్లవారుజామున సిగ్నల్ బోర్డ్, అంటే వైట్‌హౌస్ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్, ఆపరేటర్ నుంచి వచ్చిన మేలుకొలుపు కాల్‌తో మొదలవుతాయి. తర్వాత ఓవల్ ఆఫీస్‌కి (అధ్యక్షుడి ఆఫీసు గదికి) వెళ్లారు, జాతీయ భద్రతా సహాయకుడు బ్రెజిన్‌స్కీని కలిశారు అని వరసగా సాగుతుంది. ఫోన్ వరుసల్లో క్రియని జాగ్రత్తగా చూడండి. ‘మాట్లాడారు’ అంటే మాట జరిగింది. ‘ఫోన్ చేశారు, కాల్ పూర్తి కాలేదు’ అంటే అవతలి మనిషి దొరకలేదు. ఈ రెండింటినీ ఒకటిగా లెక్కేసి ‘ఫలానా రోజు వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు’ అని రాసేస్తే అది అబద్ధమవుతుంది.

‘అనుబంధం ఎ చూడండి’ అన్న మాట వస్తే తప్పకుండా చూడండి. మీటింగ్‌లో చాలామంది ఉంటే ఆ పేర్ల జాబితా ఫైలు చివర్లో అనుబంధంగా ఉండటం మామూలు. విమానంలో ఎవరెవరు ఎక్కారు, విందుకి ఎవరెవరిని పిలిచారు అన్న జాబితాలు అక్కడే ఉంటాయి. స్కాన్ చేసిన ఫైలులో ఈ పేజీలు వెనక ఎక్కడో పడి ఉంటాయి. మొదటి పేజీలు చదివి ఫైలు మూసేస్తే సగం సంపద అక్కడే వదిలేసినట్టు.

ఒక రాత్రిని దగ్గరగా చూపిస్తాను. 1970 మే 8 రాత్రి, మే 9 తెల్లవారుజాము. కంబోడియా మీదికి సైన్యాన్ని పంపినందుకు దేశమంతా మండిపోతోంది. మే 4న కెంట్ స్టేట్ యూనివర్సిటీలో నలుగురు విద్యార్థులు కాల్పుల్లో చనిపోయారు. వాషింగ్టన్ నిండా నిరసన చేయడానికొచ్చిన పిల్లలు. ఆ రాత్రి నిక్సన్ డైరీ పేజీలు తిప్పితే ఫోన్ వరుసలు ఆగవు. ప్రెస్ కాన్ఫరెన్స్ అయినప్పటి నుంచి అర్ధరాత్రి దాటేదాకా ఒకదాని కింద ఒకటి. ఆయన జాతీయ భద్రతా సహాయకుడు కిసింజర్ పేరు మళ్లీ మళ్లీ వస్తుంది. కాల్‌కీ కాల్‌కీ మధ్య కొన్ని నిమిషాల తేడా అంతే. నడిరేయి ఓ చిన్న ఖాళీ, మళ్లీ ఫోన్లు. తర్వాత 4:35 ప్రాంతంలో తన సేవకుడు మనోలో శాంచెజ్‌ని వెంటబెట్టుకుని లింకన్ మెమోరియల్‌కి బయల్దేరారు. అక్కడి నుంచి అమెరికా పార్లమెంటు ఉండే కేపిటల్ భవనం, తర్వాత మేఫ్లవర్ హోటల్లో టిఫిన్.

నిద్ర పట్టలేదనీ, టెన్షన్‌లో ఉన్నారనీ ఆ పేజీలో ఎక్కడా లేదు. ఒక్క విశేషణం కూడా లేదు. వరసగా పడిన ఆ సమయాల్ని వేలితో తడుముతూ కిందికి వస్తుంటే ఆ మనిషి పరిస్థితి మనకే తెలిసిపోతుంది. మెమోరియల్ మెట్ల మీద విద్యార్థులతో ఏం మాట్లాడారన్నది కూడా పేజీలో లేదు. దానికి నిక్సన్ తర్వాత చెప్పి రాయించుకున్న మెమో, అక్కడున్న విద్యార్థులు విలేకరులకి చెప్పిన మాటలు చూడాలి. ఆ రెండింటికీ పొత్తు అంతగా కుదరదు కూడా. ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో అన్నంతవరకే డైరీని అడగండి. ఏం, ఎందుకు అన్నవాటికి వేరే కాగితాలు కావాలి.

ఐదో అడుగు: ఆ వరుస ఎవరి కళ్లతో చూసి రాసింది?

డైరీ రాసే ఉద్యోగి అధ్యక్షుడి వెనకాలే తిరగడు. బల్ల ముందు కూర్చుని, నలుగురు పంపిన చీటీల్ని కలిపి రోజుని కూరుస్తాడు. ఫోన్ ఆపరేటర్ల లాగ్, అధ్యక్షుడికి కాపలా కాసే సీక్రెట్ సర్వీస్ వాళ్లు రాసిన కదలికల లాగ్, ఇంటి అషర్ల లాగ్, ఆఫీసు బయట సెక్రటరీ రాసుకున్న రాకపోకలు, ప్రయాణాల్లో సైనిక సహాయకుడు, విమాన సిబ్బంది ఇచ్చిన సమయాలు, ఇవన్నీ ఆ బల్ల మీదికి వస్తాయి.

కాబట్టి ఆపరేటర్ గుండా వెళ్లని కాల్ డైరీకి ఎక్కకపోవచ్చు. గదిలో ముందే కూర్చున్న మనిషి ఎప్పుడు లోపలికి వచ్చాడో తెలియకపోవచ్చు. ఓవల్ ఆఫీస్ నుంచి ఒక తలుపు దాటి పక్క గదిలోకి వెళ్లి రెండు నిమిషాలు మాట్లాడి వస్తే ఎవరూ చూసి ఉండకపోవచ్చు. ఒక వరుస మీద మీకు అనుమానం వస్తే దాని మూలకాగితాలు ఉన్నాయేమో వెతకండి. జాన్సన్ లైబ్రరీలో ‘డైరీ బ్యాకప్’ పేరుతో ఆ రోజుకి సంబంధించిన మెమోలు, జాబితాలు వేరే పెట్టెల్లో ఉన్నాయి. నాకైతే డైరీకన్నా ఆ పెట్టెలే ఎక్కువ ఇష్టం.

ఆరో అడుగు: టైము మార్చుకోవడం

చిన్న పనే, కానీ ఎక్కువ తప్పులు జరిగేది దీని దగ్గరే. డైరీలో సమయం అధ్యక్షుడు ఉన్న చోటి సమయం. వాషింగ్టన్‌కి మనం చలికాలంలో పదిన్నర గంటలు, ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు ముందుంటాం. నిక్సన్ చంద్రుడికి ఫోన్ చేసిన 20వ తేదీ రాత్రి 11:45 అంటే మనకి 21వ తేదీ సోమవారం ఉదయం 9:15. ఆ 20వ తేదీనే ఢిల్లీలో తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న వి.వి. గిరి పదవికి రాజీనామా చేశారు, నీలం సంజీవరెడ్డి మీద రాష్ట్రపతి ఎన్నికకి నిలబడటానికి. మన పత్రికల తేదీ పక్కన వాషింగ్టన్ తేదీ పెట్టేటప్పుడు ఒక రోజు అటూ ఇటూ అయ్యేది ఇలాగే. నోట్స్‌లో రెండు సమయాలూ రాసుకోండి.

ఏడో అడుగు: ఖాళీల్ని చదవడం

పేజీలో ఏమీ లేని గంటలు కూడా రికార్డే. అవి మూడు రకాలు. మొదటిది, నిజంగా ఏమీ జరగనిది, ఆయన నిద్రపోతున్నాడు, చదువుకుంటున్నాడు. రెండోది, జరిగింది కానీ మనకి చూపించనిది. వ్యక్తిగత విషయమనో, దేశ భద్రత అనో ఒక వరుసని నల్లగా కొట్టేస్తారు, లేదా ఒక పేజీ తీసేసి దాని స్థానంలో ‘ఫలానా తేదీ కాగితం తొలగించాం’ అని ఒక పట్టీ పెడతారు. ఆ పట్టీని కూడా చదవండి, ఏ కారణంతో తీశారో అందులో ఉంటుంది. భద్రతా కారణమైతే మళ్లీ పరిశీలించమని అడిగే పద్ధతి ఉంది. మూడోది, రాయాల్సింది రాయనిది.

ఈ మూడోదానికి దగ్గరి ఉదాహరణ 2021 జనవరి 6. కేపిటల్ మీద దాడి జరిగిన రోజు. విచారణ జరిపిన ప్రతినిధుల సభ కమిటీకి అందిన డైలీ డైరీలో మధ్యాహ్నం 1:21 నుంచి 4:03 దాకా ఏమీ లేదు. ఆ రికార్డులు కమిటీ చేతికి వెళ్లకుండా ఆపాలన్న ట్రంప్ విన్నపాన్ని సుప్రీంకోర్టు 2022 జనవరిలో ఒప్పుకోలేదు. తర్వాత ఆ ఖాళీని కమిటీ సాక్షుల మాటలతో నింపుకోవాల్సి వచ్చింది.

దీనికి తిరగేసిన ఉదాహరణ 1972 జూన్ 20. ప్రతిపక్ష డెమొక్రటిక్ పార్టీ ఆఫీసున్న వాటర్‌గేట్ భవనంలో దొంగలు పట్టుబడి మూడు రోజులైంది. ఆ రోజు 11:26 నుంచి 12:45 వరకు నిక్సన్ దగ్గర ఆయన ముఖ్య సహాయకుడు హాల్డెమన్ ఉన్నారని డైరీ చెబుతుంది. ఆ సంభాషణ టేపులోనే పద్దెనిమిదిన్నర నిమిషాలు చెరిగిపోయాయి. టేపు చెరిగింది, డైరీ వరుస మిగిలింది. హాల్డెమన్ చేత్తో రాసుకున్న నోట్స్‌లో వాటర్‌గేట్ ప్రస్తావన కూడా మిగిలింది. ఏం మాట్లాడుకున్నారో తెలియకపోయినా, ఎవరు ఎంతసేపు కూర్చున్నారో దాచడం కుదరలేదు.

ఎనిమిదో అడుగు: పక్కన పెట్టి చదవాల్సినవి

ఇప్పుడు మన కార్టర్ దగ్గరికి. 1978 జనవరి 1, 2, 3 తేదీల ఫైళ్లు మూడూ తెరిచి పెట్టుకోండి. ముందు ఎముకల గూడు తయారుచేయండి. టెహ్రాన్‌లో ఇరాన్ షాతో కొత్త సంవత్సరం విందు ముగించుకుని, ఒకటో తేదీన ఢిల్లీకి వచ్చారు. రాష్ట్రపతి భవన్‌లో బస. రెండో తేదీన పార్లమెంటులో ప్రసంగం. మూడో తేదీన ప్రధాని మొరార్జీ దేశాయ్‌తో ఢిల్లీ ప్రకటన మీద సంతకాలు, ఢిల్లీ పక్కనున్న దౌలత్‌పూర్ నసీరాబాద్ గ్రామానికి ప్రయాణం. ఆ ఊరికే తర్వాత కార్టర్‌పురి అని పేరొచ్చింది. సంజీవరెడ్డి పేరు ఎక్కడెక్కడ వస్తుందో, ప్రతిచోటా ఎన్ని నిమిషాలో, ఆ సమయంలో ఇంకెవరున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. అనుబంధాల్లో మన వైపు నుంచి వచ్చినవాళ్ల పేర్లు కూడా చూడండి.

తర్వాత గూటికి కండ పట్టించాలి. మొదటగా పబ్లిక్ పేపర్స్. అధ్యక్షుడు బహిరంగంగా మాట్లాడిన మాటలు తేదీల వారీగా ఉన్న సంపుటాలివి. సాంటా బార్బరాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీవాళ్ల ‘అమెరికన్ ప్రెసిడెన్సీ ప్రాజెక్ట్’ సైటులో ఇవి వెతకడానికి తేలిగ్గా ఉంటాయి. స్వాగత సభలో కార్టర్ ఏమన్నారో, సంజీవరెడ్డి ఏమన్నారో రెండూ అందులో దొరుకుతాయి. డైరీలో ‘స్వాగత కార్యక్రమంలో పాల్గొన్నారు’ అన్న ఒక్క వరుసకి ఇక్కడ పేజీలకి పేజీలున్నాయి.

రెండోది, అమెరికా విదేశాంగ శాఖ అచ్చువేసే ‘ఫారిన్ రిలేషన్స్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్’ సంపుటాలు. మూసిన తలుపుల వెనక మాటల నోట్స్ ఇందులో ఉంటాయి. ఆ సంపుటాల అడుగు నోట్స్‌లో కూడా ‘ప్రెసిడెంట్స్ డైలీ డైరీ ప్రకారం’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. మీటింగ్ ఎంతసేపు జరిగిందో, ఎవరున్నారో ఆ సంపాదకులు కూడా మనం తెరిచిన పేజీలోనే సరిచూసుకుంటారు.

మూడోది, ఆనాటి పత్రికలు. జనవరి 2న కార్టర్ తన విదేశాంగ మంత్రి వాన్స్‌తో, అణు ఇంధనం విషయంలో దేశాయ్‌కి బాగా కటువైన ఉత్తరం రాయాలని పక్కకి తిరిగి అన్నారు. దగ్గర్లో మైకు పనిచేస్తోంది, విలేకరులు విన్నారు. పర్యటన మొత్తంలో జనానికి బాగా గుర్తుండిపోయిన మాట అదే. డైరీలో అలాంటి మాటకి గడి లేదు. దాన్ని పత్రికలే పట్టుకున్నాయి. తెలుగు పత్రికలు కూడా తిరగేయండి. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక పాత సంచికల్లో ఆ వారం ఏం రాశారో చూస్తే మన వైపు చూపు తెలుస్తుంది. దివిసీమ ఉప్పెన వచ్చి అప్పటికి ఆరు వారాలు దాటిందంతే, అది కూడా దృష్టిలో పెట్టుకుని చదవండి. ఢిల్లీ జనపథ్‌లోని మన నేషనల్ ఆర్కైవ్స్‌వాళ్ల ‘అభిలేఖ్ పటల్’ పోర్టల్‌లో విదేశాంగ శాఖ ఫైళ్ల జాబితా వెతుక్కోవచ్చు.

నిక్సన్, జాన్సన్ అయితే నాలుగోది కూడా ఉంది, టేపులు. నిక్సన్ 1971 ఫిబ్రవరి నుంచి 1973 జూలై దాకా దాదాపు 3,700 గంటలు రికార్డ్ చేయించారు. జాన్సన్‌వి ఆరు వందల గంటలకి పైగా ఉన్నాయి. వర్జీనియా యూనివర్సిటీలోని మిల్లర్ సెంటర్ చాలావాటిని రాతలోకి దించింది. ఇందిరా గాంధీ 1971 నవంబర్ 4, 5 తేదీల్లో వైట్‌హౌస్‌కి వెళ్లారు. 5వ తేదీ ఉదయం 8:15 నుంచి 9 దాకా ఓవల్ ఆఫీస్‌లో నిక్సన్, కిసింజర్, హాల్డెమన్ ముందురోజు మీటింగ్ గురించి మాట్లాడుకున్నారు. డైరీ వరుస చూస్తే మామూలు పొద్దుటి సమావేశం. టేపు వింటే మన ప్రధాని గురించి వాళ్లు వాడిన భాషకి మనసు చివుక్కుమంటుంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమని నేను ప్రతి కుర్రవాడికీ, అమ్మాయికీ చెబుతాను.

తొమ్మిదో అడుగు: నోట్స్, ఉటంకింపు

ఎక్సెల్‌లో ఏడు నిలువు వరుసలు చాలు: తేదీ, అక్కడి సమయం, మన సమయం, చోటు, ఎవరు, ఏ పని, ఏ పేజీ. ఎనిమిదోది కావాలంటే ‘అనుమానం’ అని పెట్టుకోండి. చదవలేని అక్షరం, సరిపోని సమయం, తెలియని మనిషి అందులోకి వెళ్తాయి. వారం తర్వాత ఆ వరుసే మీకు బాగా పనికొస్తుంది.

ఫైలు లింకు ఒక్కటే దాచుకోకండి. సైట్లు మారతాయి, లింకులు చచ్చిపోతాయి. డైరీ పేరు, తేదీ, పేజీ నంబరు, లైబ్రరీ పేరు, నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగ్‌లో ఆ వస్తువుకి నంబరు ఉంటే అదీ రాసుకోండి. అవుంటే పదేళ్ల తర్వాత కూడా ఎవరైనా వెతికి పట్టుకోగలరు. ఫైలుని మీ కంప్యూటర్లో కూడా దింపుకోండి.

పదో అడుగు: ఆర్కైవిస్ట్‌కి ఉత్తరం

అన్నీ చూశాక కూడా తేలకపోతే లైబ్రరీకి ఈమెయిల్ రాయండి. మొహమాటం వద్దు, జవాబివ్వడం వాళ్ల ఉద్యోగంలో భాగమే. కాకపోతే ప్రశ్న ఇరుకుగా ఉండాలి. ‘భారతదేశం గురించి ఏమున్నాయి’ అని రాస్తే సైటు చూడమంటారు. ‘1978 జనవరి 2న రాష్ట్రపతి సంజీవరెడ్డి పాల్గొన్న కార్యక్రమాలకి సంబంధించి డైరీ అనుబంధాలు, అతిథుల జాబితా, ఫొటోల నంబర్లు ఏ పెట్టెలో ఉన్నాయి’ అని రాస్తే పెట్టె నంబరుతో సహా జవాబొచ్చే అవకాశం ఎక్కువ. డైరీలో మీరు చూసిన సమయం, పేజీ నంబరు ఉత్తరంలో రాయండి. మీరు పని చేసుకునే వచ్చారని వాళ్లకి అర్థమవుతుంది.

ఫొటోల సంగతి ప్రత్యేకంగా అడగండి. వైట్‌హౌస్ ఫొటోగ్రాఫర్లు తీసిన ఫిల్మ్ రోళ్లు తేదీల వారీగా జాబితా చేసి ఉంటాయి. డైరీలో నిమిషం దొరికితే, ఆ నిమిషానికి తీసిన ఫొటోని పట్టుకోవడం తేలిక.